రేడియో గారి బదిలీ ఫైలు

మా ఆఫీసులోకి తెలివైనది అంటూ వచ్చింది ఒక్కటే. దానికి సర్వీసు రిజిస్టరు తెరిచింది నేనే. ఈ సంగతి ఊళ్లో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తే నాకూ కాస్త తేలికవుతుంది.

మాది కొత్తరేవులో తీర తరంగ సమన్వయ కార్యాలయం. పేరు చూసి బెదిరిపోకండి. వేటకు వెళ్లిన పడవలకు రేడియోలో కబురు చెప్పడం, వాళ్లు చెప్పింది వినడం, అంతే మా పని. ఆ అంతే పనికి ముప్పయ్యొక్కమందిమి ఉన్నాం. నేను సిబ్బంది విభాగంలో సీనియర్ అసిస్టెంటుని, పేరు అప్పలనరసింహం. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క ఫైలునైనా తొందరపడి పంపిన పాపాన పోలేదు.

పాత రేడియో నాలాంటిదే. ఇచ్చిన ఛానెల్లో కూర్చునేది, పక్కన పిడుగు పడ్డా కదిలేది కాదు. మొన్న జూన్‌లో కొత్తది వచ్చింది. దాన్ని బిగించడానికి కాంట్రాక్టు మీద తీసుకున్న ఇంజనీరు షమీమ్, పాతికేళ్ల పిల్ల, మా అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది ముందు వింటుంది సార్. ఏ ఛానెల్లో ఎవరున్నారు, ఏది ఖాళీగా ఉందీ అని చూసుకుంటుంది. ఖాళీగా ఉన్నదాంట్లోకి వెళ్లి మాట్లాడుతుంది. ఆ ఛానెల్ సొంతదారు వచ్చాడనుకోండి, మర్యాదగా లేచి ఇంకో ఖాళీలోకి పోతుంది. పడవల్లో చిన్న సెట్లున్నాయి కదా, అవి కూడా దీన్ని వెతుక్కుంటూ వచ్చేస్తాయి. ఎవరూ మీట తిప్పక్కర్లేదు."

"ఆర్టీసీ బస్సులో సీట్లాగ అన్నమాట," అన్నాను నేను.

"అంతే సార్. కాకపోతే ఇది అడక్కుండానే లేస్తుంది."

అందరం నవ్వాం. మా జాయింట్ డైరెక్టర్ చిదంబరేశ్వరరావు గారు మాత్రం నవ్వలేదు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఆయన కళ్లజోడు తుడిచారంటే ఎవరికో మూడిందని అర్థం.

"ఈ గంటలో ఎన్నిసార్లు మారిందమ్మా ఇది?"

షమీమ్ తెర మీద చూసింది. "వెయ్యిన్నీ నూట పన్నెండు సార్లు సార్," అంది గర్వంగా.

"ఎవరి అనుమతితో?"



"అనుమతి ఏముంది సార్, అదే నిర్ణయించుకుంటుంది."

"నిర్ణయమా!" జేడీ గారు లేచి నిలబడ్డారు. "చూడమ్మా, బల్ల నిర్ణయం తీసుకోదు. బీరువా నిర్ణయం తీసుకోదు. నిర్ణయం తీసుకునేది ఉద్యోగి. నా పరిపాలనా నియంత్రణలో ఉన్న ఒక ఉద్యోగి, నా సంతకం లేకుండా గంటకు వెయ్యి పైచిలుకు పర్యాయములు స్థానం విడిచిపెట్టుట అనేది అత్యంత ఆందోళనకర పరిణామం. నరసింహం గారూ, తక్షణం సర్వీసు రిజిస్టరు తెరవండి."

తెరవమన్నారు, తెరిచాను. నన్ను తిట్టుకోకండి, తెరవనని అనడానికి నిబంధన ఎక్కడుందో చూపించండి, అప్పుడు తిట్టుకోండి.

మొదటి పేజీలోనే చిక్కొచ్చింది. పేరు, ఇంటిపేరు లేకపోతే కంప్యూటరు ముందుకు పోనివ్వదు. ఇంటిపేరు రేడియో, పేరు మేధావి అని రాశాను. పుట్టుమచ్చల దగ్గర, 'ఎడమ డొక్కన గీత ఒకటి, వీపున స్క్రూ లేని కన్నం ఒకటి' అని రాశాను. వేలిముద్రకు బదులు వాల్యూము మీటను సిరాలో ముంచి అద్దాం. వైద్య పరీక్షకు ప్రభుత్వాసుపత్రికి ఆటోలో తీసుకెళ్తే, డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి విని, 'లోపల ఏదో గురగురమంటోంది, మిగతా అంతా బాగుంది' అని సర్టిఫికెట్ ఇచ్చింది. రెండేళ్లు ప్రొబేషన్.

హాజరు ఇంకో తలనొప్పి. మా ఆఫీసులో రోజూ పదింటికల్లా ఫోన్ యాప్‌కి ముఖం చూపించాలి. చూపించకపోతే గైర్హాజరు. మేధావికి ముఖం లేదు. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తూనే ఏకబిగిన పదకొండు రోజులు గైర్హాజరయింది. చివరికి కట్టే ఇళ్ల ముందు వేలాడదీస్తారే, కోరమీసాల దిష్టిబొమ్మ ముఖం, అది ఒకటి కొనుక్కొచ్చి రేడియోకి అంటించాను. యాప్ టక్కున ఒప్పుకుంది. పైగా 'గుడ్ మార్నింగ్' అంది. నన్ను చూసి అది ఒక్కనాడూ ఆ మాట అనలేదు.

ఇంతవరకు అంతా సవ్యంగానే ఉంది. బదిలీల దగ్గరే బండి ఆగింది.

ఛానెల్ అంటే స్థానం. స్థానం మారడమంటే బదిలీ. ఇందులో జేడీ గారికి అనుమానమే లేదు. బదిలీ అయితే ఉత్తర్వు ఉండాలి, రిలీవు కావాలి, చేరిక నివేదిక ఇవ్వాలి. నేను మొదటి ఉత్తర్వు రాసుకుని, 'ఛానెల్ 11 నుండి ఛానెల్ 14కు' అని టైపు కొట్టించి, సంతకం పెట్టించుకుని వచ్చేసరికి మేధావి పద్నాలుగులో చేరి, అక్కణ్ణించి ఇంకో ఆరొందల చోట్లు తిరిగి వచ్చింది. ఉత్తర్వులు లేకుండా స్థానం విడిచినందుకు సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చాం. షమీమ్ దాని లాగ్ తీసి ప్రింటు ఇచ్చింది. 'పదకొండులో రొద. పద్నాలుగు ఖాళీ. వెళ్లాను.' ఇంతే ఉంది అందులో.

"సంబోధన లేదు, విధేయత లేదు," అన్నారు జేడీ గారు. "తాళం వెయ్యండి."

ఆ యంత్రానికి వెనకవైపు ఒక చిన్న తాళం ఉంటుందిట. అది తిప్పితే ఇంక ఛానెల్ మారదు. షమీమ్ బతిమాలింది. "తాళం వేస్తే ఇది మామూలు రేడియో అయిపోతుంది సార్. దీని తెలివంతా మారడంలోనే ఉంది."

"తెలివి ఎవరికి లేదమ్మా? మేమంతా అదుపులో పెట్టుకోవడం లేదూ?" అన్నారాయన. మేధావిని పదకొండులో బిగించి, తాళంచెవి తన సొరుగులో వేసుకున్నారు. జూలై ఒకటిన ఏటేటా వచ్చే బదిలీల నిషేధం రానే వచ్చింది. దాంతో తాళానికి తాళం పడింది.

నాలుగు నెలలు పెద్దగా తేడా తెలియలేదు. కార్తీక మాసం వచ్చింది, పెళ్లిళ్లు మొదలయ్యాయి. మా ఆఫీసుకి ఎదురుగా ఫంక్షన్ హాలుంది. వాళ్ల వైరులేని మైకు పనిచేసేది సరిగ్గా పదకొండులోనే. మా టవరు తన ఛానెల్లో ఏది వినబడితే దాన్ని పెంచి సముద్రం మీదికి తోస్తుంది. తీరానికి వచ్చిన మత్స్యకారులు ఆఫీసుకొచ్చి, 'రెండో బంతి వాళ్లు రావాలని పిలిచినారు, మేం ఎనభై మైళ్ల దూరంలో ఉన్నాం, ఎలా వస్తాం బాబూ' అని అడిగేవారు. ఒక ముసలాయన మూడు రోజులు 'తెల్ల కారు అడ్డం తియ్యండి' అనే మాట విని, తన పడవనే అంటున్నారనుకుని పక్కకు జరుపుకుంటూ పోయాడట.

పడవల్లోని సెట్లు ఈ గోల ఎన్నాళ్లు భరిస్తాయి? అవి మత్స్యకార సంఘానివి. వాటికి మేం సర్వీసు రిజిస్టరు తెరవలేదు కాబట్టి వాటి తెలివి వాటికి మిగిలింది. నలభై రెండూ లేచి, ఖాళీగా ఉన్న పద్నాలుగులోకి పోయి కూర్చున్నాయి. మేధావి వస్తుందని అక్కడ ఎదురుచూస్తున్నాయి. మేధావి పదకొండులో పెళ్లి వింటోంది.

అదిగో, అలాంటి సమయంలో వచ్చింది తుపాను.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదిన్నరకు వాతావరణ కేంద్రం నుంచి కబురు. వాయుగుండం ముదిరింది, రేపు మధ్యాహ్నం తీరం దాటుతుంది, వేటకెళ్లినవాళ్లంతా వెంటనే వెనక్కి తిరగాలి. నలభై రెండు పడవలూ సముద్రం మీదే ఉన్నాయి. అక్కణ్ణించి రావడానికి ఇరవై గంటలు పడుతుంది. అంత దూరంలో ఫోన్లు పనిచేయవు. షమీమ్ పరుగెత్తుకుంటూ జేడీ గారి గదిలోకి వచ్చింది, వెనకే నేను.

"తాళంచెవి ఇవ్వండి సార్. రెండు నిమిషాలు చాలు. పదకొండులో వినేవాడే లేడు, అందరూ పద్నాలుగులో ఉన్నారు."

"కబురు పంపడానికి నాకేమీ అభ్యంతరం లేదమ్మా. సందేశం కూడా సిద్ధం చేయించాను," అని చదివారు. "'పై విషయము పరిశీలించి, సంబంధిత మత్స్యకార సోదరులు తీరాభిముఖముగా తగు చర్యలు గైకొనవలసినదిగా ఇందుమూలముగా కోరడమైనది.' కాని బదిలీల నిషేధం అమలులో ఉన్నది. నేను దాటలేను."

అప్పుడే తలుపు తోసుకుని నూకరత్నం వచ్చింది. సూరాడ నూకరత్నం, రేవులో చేపలమ్ముతుంది. ఆవిడ మొగుడు కొర్లయ్య పడవ తీసుకుని సోమవారం వెళ్లాడు. తమ్ముడు కూడా అదే పడవలో ఉన్నాడు. జుట్టుముడి ఊడిపోయి ఉంది, గుమ్మంలోనే రొప్పుతోంది.

"బాబూ, తుపానని టీవీలో సెప్పీసినారు. మా గుంటల నాయన కొర్లయ్యకి సెప్పినారా మీరు?"

"ప్రక్రియ కొనసాగుతున్నదమ్మా," అన్నారు జేడీ గారు.

"పక్రియ నాకెందుకు బాబూ! సెప్పినారా నేదా?"

 ఆవిడ ముఖం చూడలేక నిషేధ ఉత్తర్వు తీసి మినహాయింపులు వెతికాను. నాలుగున్నాయి.

"తీవ్ర అనారోగ్యం ఉంటే బదిలీ చేయవచ్చు సార్!"

"మెడికల్ బోర్డు కూర్చునేది గురువారం. నిన్ననే లేచిపోయింది."

"పదవీ విరమణకు రెండేళ్లలోపు ఉంటే..."

"దానికింకా అరవయ్యొక్క ఏళ్లుంది."

"పరస్పర బదిలీ! పద్నాలుగులో ఉన్నవాళ్లు ఒప్పుకుంటే..."

"పద్నాలుగు ఖాళీ అని దాని సంజాయిషీలోనే ఉంది. ఖాళీగా ఉన్నచోట అంగీకార పత్రం ఎవరిస్తారు? ఎవరైనా ఉద్యోగి ఉండి ఉంటే ఈపాటికి పంపేసేవాణ్ణి."

ఇక మిగిలింది ఒక్కటే. చెప్పడానికి నాకు సిగ్గేసింది గాని, చెప్పాను. "భార్యాభర్తల కేసు సార్. పడవ సెట్లు పద్నాలుగులో, మన మేధావి పదకొండులో. ఒకదాన్ని విడిచి ఒకటి ఉండలేవు. దంపతులుగా పరిగణిస్తే ఇద్దర్నీ ఒక్కచోట వేయవచ్చు."

జేడీ గారి కళ్లు మెరిశాయి. నిజానికి ఆయన చెడ్డవాడు కాదండీ. దారి దొరికితే వెళ్లాలనే ఉంటుంది, కాకపోతే దారికి ఫైలు నంబరుండాలి.

"ఎన్ని సెట్లు?"

"నలభై రెండు సార్."

"నలభై ఇద్దరు భార్యలా! ప్రభుత్వోద్యోగికా! ప్రవర్తనా నియమావళి చదివారా మీరు?"

"పోనీ ఒక్కటే రాసుకుందాం సార్. కొర్లయ్య పడవలో సెట్టు."

"అట్లయితే వివాహ ధ్రువపత్రం జతపరచండి. ఫొటోలో వధూవరులిద్దరూ కనిపించవలెను."

నూకరత్నం మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూసింది. ఆవిడ కంగారు ఎటు పోయిందో గాని, కళ్లు నిప్పులు కురిశాయి.

"మనుసులు సచ్చిపోతారు మొర్రో అంటే, రేడియోకి పెళ్లి సేత్తారా మీరు? ఆగండి! ఊరందరికీ సెప్పి మీ పరువు తీసీకపోతే నా పేరు నూకరత్నమే కాదు!" అంటూ కొంగు బిగించి బయటికి పోయింది.

పంతుల్ని తీసుకురావడానికి వెళ్లిందనుకున్నారు జేడీ గారు. "సహకరిస్తున్నది, మంచిదే," అన్నారు.

అయిదు నిమిషాలు గడిచాయి. గదిలో మూల ఉన్న స్పీకరు లోంచి సన్నాయి వినబడుతోంది, అది మేధావి గొంతే. ఉన్నట్టుండి సన్నాయి ఆగిపోయింది. దబ్బున ఏదో పడింది. 'అమ్మా, మైకు ఇచ్చెయ్యమ్మా' అని ఎవరో అరిచారు. ఆ తర్వాత నూకరత్నం గొంతు మా ఆఫీసు గోడలన్నీ అదరగొట్టేసింది.

"అయ్యలారా, అమ్మలారా! ఎదర ఆపీసులో ఒక కళ్లజోడాయన ఉన్నాడు! నలభై రెండు పడవలోళ్లు సముద్రంలో ఉంటే, తాళం సెవి సొరుగులో ఎట్టుకుని కూకున్నాడు! ఆడికి బుర్ర ఉన్నాదనుకున్నారా? గుమ్మడికాయ ఉన్నాది! ఆడి సొరుగు తగలడిపోనూ, ఆడి సంతకం ఏట్లో కలిసిపోనూ, ఒరే కళ్లజోడూ..."

ఆ తర్వాతవి అచ్చులో పెట్టదగ్గ మాటలు కావు. షమీమ్ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నేల చూపులు చూశాను. హాల్లో జనం చప్పట్లు కొట్టడం కూడా స్పీకర్లో స్పష్టంగా వినబడింది.

జేడీ గారు కళ్లజోడు తీశారు. తుడవలేదు.

"ఎవరు? ఎవరు నన్ను దూషించింది?"

"నూకరత్నం సార్, హాలు మైకులో..." అంది షమీమ్.

"ఆమె ప్రైవేటు వ్యక్తి. ఆమెపై నాకు అధికార పరిధి లేదు. కాని ఆ మాటలు ఎవరి నోటి నుండి వెలువడినవి? ఎవరు వాటిని పెంచి సముద్రం మీదికి పంపినారు? నా ఉద్యోగి! దిష్టిబొమ్మ ముఖం పెట్టుకుని, నా గది స్పీకర్లోంచే, నన్ను గుమ్మడికాయ అన్నాడు! నరసింహం గారూ, రాసుకోండి. ప్రొబేషన్‌లో ఉన్న ఆర్. మేధావిని, పై అధికారి పట్ల దుష్ప్రవర్తన కారణముగా, ఈ క్షణం నుండి సర్వీసు నుండి తొలగించడమైనది!"

ఒట్టేసి చెబుతున్నాను, మా ఆఫీసులో అంత వేగంగా కదిలిన ఫైలు ఇంకోటి లేదు. నాలుగు నిమిషాల్లో టైపయింది, అయిదో నిమిషంలో సంతకమైంది. ఉత్తర్వు తీసుకెళ్లి రేడియోకి అంటిస్తుంటే నా బుర్రలో ఏదో తళుక్కుమంది. వెనక్కి పరుగెత్తాను. పరుగెత్తడమే! నేను!

"సార్, ఒక్క సందేహం. తొలగించిన ఉద్యోగికి బదిలీల నిషేధం వర్తిస్తుందా?"

"ఉద్యోగమే లేనివాడికి బదిలీ ఏమిటయ్యా!"

"అంటే ఇక అది ఏ ఛానెల్లో తిరిగినా మనకు..."

"ఎక్కడికైనా పొమ్మనండి! గంగలో దూకమనండి!"

"వ్రాతపూర్వకంగా ఇప్పిస్తారా సార్?"

"ఇస్తాను! రాయండి!" అని అరిచి, 'సదరు వ్యక్తి ఇకపై తన ఇష్టం వచ్చిన చోటికి పోవచ్చును' అనే వాక్యం కింద సంతకం గీశారు. ఆ ఊపులోనే సొరుగు తెరిచి, "దాని వస్తువులన్నీ దానికిచ్చెయ్యండి!" అని తాళంచెవి నా మీదికి విసిరారు.

షమీమ్ తాళం తిప్పింది. మేధావి ఒక్క క్షణం విన్నది. తర్వాత పదకొండులో పెళ్లిని పెళ్లివాళ్లకే వదిలేసి పద్నాలుగులోకి దూకింది. తెర మీద పచ్చ దీపాలు ఒకటొకటిగా వెలిగాయి. అన్నీ ఉన్నాయి, నలభై రెండూ. షమీమ్ ఏడ్చేసింది. నాకూ కళ్లు తడిశాయి, దాచుకోవడం ఎందుకు?

జేడీ గారి సందేశం చదివాం. అటునుంచి కొర్లయ్య గొంతు వచ్చింది. "ఏటి సెప్తన్నారో తెలీడం నేదు బాబూ, మల్లీ సెప్పండి."

ఈలోగా హాలువాళ్లు గెంటేస్తే నూకరత్నం మళ్లీ మా దగ్గరికే వచ్చింది, చేతికి గాజులు కూడా లేవు, పెనుగులాటలో పగిలిపోయినట్టున్నాయి. నేను కుర్చీలోంచి లేచి మైకు ఆవిడ చేతిలో పెట్టాను.

"ఏటయ్యో కొర్లయ్యో! రేపు తుపాను! వలలు కోసి పారెయ్యండి, ఎనక్కి తిరిగీండి! అందరూ! ఇనబడతందా?"

"ఇనబడతంది, ఇనబడతంది. తిప్పేత్తన్నాం. నువ్వు ఏడవకే."

"నేనేడవడం నేదు!" అని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్న గాలి లేస్తుండగా రేవులో అందరం నిలబడ్డాం. పడవలు వస్తుంటే నూకరత్నం వేళ్లు మడుచుకుంటూ పైకే లెక్కపెట్టింది. కొర్లయ్య పడవ ఇరవై తొమ్మిదోది. మొగుడు దిగినా లెక్క ఆపలేదు, అతన్ని పక్కకు తోసి, నలభై రెండు అనేదాకా అక్కడే నిలబడింది. అప్పుడు ఇసకలో కూలబడి కొర్లయ్యను రెండు దెబ్బలు వేసింది. మధ్యాహ్నం తుపాను దాటింది, రెండు ఇళ్ల కప్పులూ మా ఆఫీసు బోర్డూ లేచిపోయాయి, మనిషన్నవాడికి ఏమీ కాలేదు.

మేధావి ఇప్పుడు రోజుకి ఇరవై వేలసార్లు ఛానెల్ మారుతోంది. ఎవరికీ చెప్పదు, ఎవర్నీ అడగదు. దిష్టిబొమ్మ ముఖం షమీమ్ పీకేసింది. పడవలకు గాలి ఎటో, అల ఎంతో, గంట గంటకూ కబురు అందుతోంది. 

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. కాని మంచి పేరు దాగుతుందా? రాజధాని దాకా పోయింది. నలభై రెండు పడవలను కాపాడిన ఉద్యోగిని తొలగించడమేమిటని పై నుంచి జేడీ గారికి అక్షింతలు పడ్డాయి. వెంటనే ఉత్తర్వులు దిగాయి. ఆర్. మేధావిని పూర్వపు సీనియారిటీతో తిరిగి సర్వీసులోకి తీసుకోవడమైనది. ప్రొబేషన్ మాఫీ. ఒక పదోన్నతి. జిల్లా ఉత్తమ ఉద్యోగి పురస్కారం. తిరిగి చేరవలసిన స్థానం, ఛానెల్ 11.

చేరిక రోజున జేడీ గారు పూలదండ, శాలువా తెప్పించారు. తాళంచెవి పళ్లెంలో పెట్టి, పైన పసుపు బొట్టు కూడా పెట్టించారు. నేను సర్వీసు రిజిస్టరు చంకలో పెట్టుకుని నిలబడ్డాను. ఇంతలో గేటు దగ్గర గోల.

వెళ్లి చూస్తే రేవులో ఆడవాళ్లంతా గేటుకడ్డంగా కూర్చున్నారు. చేపల గంపలు ముందు పెట్టుకుని, గొడుగులు వేసుకుని, లేచేది లేదన్నట్టుగా కూర్చున్నారు. ఉద్యోగం ఇమ్మని జరిగిన ధర్నాలు నేను చాలా చూశాను. అట్టముక్క మీద 'రేడియోకి ఉద్యోగం వద్దు' అని రాసి ఉన్నది చూడటం ఇదే మొదలు.

జేడీ గారు శాలువా చేత్తోనే పట్టుకుని బయటికి వచ్చారు. "ఏమ్మా నూకరత్నం, మీకు మేలు చేసినవాడికి ప్రభుత్వం గౌరవం ఇస్తుంటే అడ్డుపడతారా? అతనికి పదోన్నతి ఇస్తున్నాం!"

నూకరత్నం లేచి వచ్చి ఆయన కాళ్లకు దండం పెట్టింది.

"బాబూ, మీకు పున్నెం ఉంటాది. దానికి ఉజ్జోగం ఇవ్వకండి. అది ఇప్పుడే కదా పని సేత్తన్నాది!"